మారిత్ బారలు

ఫ్రీజరులో ఒక్క పొట్లం మిగిలింది. తెల్లటి మైనపు కాగితం, దాని మీద నీలం సిరాతో నా భార్య మారిత్ చేతిరాత: మే 28. దాని కింద 4½ అన్న అంకె. అది పోయిన ఏడాది మే నెల. ఆ తర్వాత పందొమ్మిది రోజులకు ఆమె పోయింది.

శీతాకాలమంతా ఆ పొట్లాలు ఆదివారానికొకటి చొప్పున తింటూ వచ్చాను. బంగాళాదుంపలు ఉడకబెట్టుకుని, వెన్న కరిగించి, కిటికీ దగ్గర కూర్చుని. చివరిదాన్ని తీయడానికి మాత్రం చెయ్యి రాలేదు. అలాగని ఉంచుకోవడానికీ లేదు. "ఏడాది దాటితే అది చేప కాదు, అట్టముక్క" అనేది మారిత్. ఎన్ని తప్పులైనా మన్నించేది కానీ, చేపను పాడు చేసినవాళ్లను మన్నించేది కాదు. తింటే ఆమె పట్టిన చేప ఇక లేనట్టే. తినకపోతే ఆమె పట్టిన చేపను నేను పాడు చేసినట్టు. ఏప్రిల్ నెలంతా ఫ్రీజరు మూత తెరవడం, చూడడం, మూయడంతోనే సరిపోయింది.

చివరికి ఒక దారి తోచింది. ఆమె పట్టే చోటే నేనూ ఆ బల్లపరుపు చేపను, ఒక హాలిబట్‌ను పట్టి, కోసి, చుట్టి, ఆ పొట్లం పక్కన పెడితే అది చివరిది కాకుండా పోతుంది. అప్పుడు తినగలను. మే 28 లోపల.

చిక్కల్లా ఆ చోటు నాకు తెలియకపోవడమే.

మా ద్వీపంలో ఎవరి చోటు వాళ్లు దాచుకుంటారు. చర్చిలో పక్కన కూర్చున్నవాడు "ఎక్కడ పట్టావు?" అని అడిగినా "నోటి దగ్గర" అనే జవాబే వస్తుంది. అయితే మారిత్ నా దగ్గర దాచలేదు. నేనే చూడలేదు. నలభై ఏళ్లపాటు ఆ చిన్న పడవలో ముందు బల్ల మీద మెత్త వేసుకుని, ఆమె వైపు తిరిగి కూర్చున్నాను. చేతిలో ఏదో ఒక పుస్తకం, లేదంటే దిద్దవలసిన పరీక్ష కాగితాలు. ఆమె వెనకనుండి మోటారు నడిపేది. తల ఎత్తితే ఆమె ముఖం కనిపించేది. ఆ భుజం దాటి చూడాలని ఎప్పుడూ అనిపించలేదు. హైస్కూల్లో ముప్పై ఆరేళ్లు జాగ్రఫీ చెప్పినవాణ్ని.

మే పదహారున ఆమె గాలం రీలును సంచిలో వేసుకుని తోర్లీఫ్ దుకాణానికి వెళ్లాను. తోర్లీఫ్ మారిత్ తమ్ముడు. రేవు మెట్ల పైన గాలాలు, బూట్లు, మోటారు సామాన్లు అమ్ముతాడు.

"దారి తప్పావా బావా? లైబ్రరీ అటు పక్కన" అన్నాడు.

"హాలిబట్‌కు గాలం కావాలి. కర్ర, రీలు, దారం, అన్నీ."

కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఎవరికి?"

"నాకే."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కాఫీ పోసి ఇచ్చి, గోడకు ఆనించిన కర్రల దగ్గరికి తీసుకెళ్లాడు. నాకు నాజూకైన పొడుగు కర్ర ఒకటి నచ్చింది.

"అది బొమ్మల్లో బాగుంటుంది" అన్నాడు తోర్లీఫ్. "పొడుగు కర్రకు చేప పడిందంటే చేప బలమంతా నీ నడుము మీదికొస్తుంది. నీ నడుము సంగతి నాకు తెలియదా? పోయిన నెల నా బూటు లేసు నేనే కట్టుకుంటుంటే చూసి అసూయపడ్డావు. నీకు పొట్టిది కావాలి. ఐదున్నర అడుగులు, మొద్దుగా ఉండాలి. కొస మాత్రం మెత్తగా ఉండాలి, కింద చేప ముట్టుకుంటే తెలియాలి కదా."

పొట్టిది చేతిలో పెట్టాడు. చీపురు కర్రలా ఉంది. దాని పిడిని పొట్టకు ఆనించి, రెండో కొస తను పట్టుకుని కిందికి లాగాడు. నేను కదలలేదు. ఆ వయసులో ఆ మాత్రం నిలబడగలిగినందుకు లోలోపల సంతోషం వేసింది.

మారిత్ రీలు బల్ల మీద పెట్టాను. దాని పిడి ఎడమ వైపు ఉంటుంది. మారిత్‌ది ఎడమచేతి వాటం. తోర్లీఫ్ దాన్ని చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు.

"నీకు పనికిరాదు బావా. గడియారాన్ని వెనక్కి తిప్పుతున్నట్టు ఉంటుంది. ఇది ఇంట్లో ఉంచుకో. నీకు కుడి పిడిది, మధ్య రకం ఇస్తాను. సన్న దారం వాడితే పెద్ద రీలుతో పని లేదు." గూడులోంచి ఒక చుట్ట తీశాడు. "ఇది అల్లిక దారం. నైలాను తంగూసు అయితే రబ్బరులా సాగుతుంది, కింద ఏం జరుగుతోందో పైకి తెలియదు. ఇది సాగదు. సీసం గుండు అడుగున తగిలితే నీ వేలితో ఇసుకను ముట్టుకున్నట్టే. పైగా సన్నగా ఉంటే నీటి వాలు దీన్ని అంతగా లాగదు, చిన్న గుండు చాలు. అక్క దారం పాతకాలపుది. మొద్దు దారం, దానికి ఇంత గుండు."

మారిత్ దారం కొసను రెండు వేళ్ల మధ్య పట్టి తుంచాడు. ఎండిన గడ్డిలా తెగింది.

"పోయింది. ఉప్పు తినేసింది" అని, మిగతాది విప్పి బకెట్లో వేయడం మొదలుపెట్టాడు.

దారం మీద ఎర్రటి గుర్తులు కనిపించాయి. ప్రతి పది బారలకొకటి, గోళ్ల రంగుతో వేసినది. ఆ సీసా నాకు తెలుసు. మారిత్ ఏనాడూ గోళ్లకు రంగు వేసుకోలేదు. సీసా మాత్రం అద్దం ముందు ఉండేది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు దాటాక, ఐదో ఎరుపు రాకముందు, ఒక ఆకుపచ్చ గుర్తు వచ్చింది.

"ఆపు" అన్నాను.

పొట్లాల మీద అంకె అది. నాలుగున్నర. ఆ అంకెను ముక్కల లెక్కో, ఆమె ఇచ్చే మార్కో అనుకుని శీతాకాలమంతా తిన్నాను. తోర్లీఫ్‌కు చెప్పాను. అతను బకెట్ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ముప్పై ఏళ్లు అడిగాను బావా. నా పెళ్లిలో అడిగాను. నా ఎముక విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు అడిగాను. 'నోటి దగ్గర' అంది. నీ ఫ్రీజరు పొట్లాల మీద రాసి పెట్టిందా?"

గోడకు సముద్రపు పటం ఉంది. లేచి దాని దగ్గరికి వెళ్లి, నలభై అయిదు బారల లోతున్న చోట్లను వేలితో వెతకసాగాను. వెనకనుండి అతని గొంతు మెత్తగా వచ్చింది.

"మాస్టారూ, ఆ పటంలో ఉన్నవి సర్కారు బారలు. ఇవి మా అక్క బారలు. ఆవిడ నా భుజానికి వచ్చేది."

మరిచిపోయాను. ఆమె వంటింట్లో నిలబడి, రెండు చేతులూ చాచి, దారాన్ని ఒక్కో బారా కొలుచుకుంటూ, గొణుగుతూ లెక్కపెట్టడం. మధ్యలో నేను మాట్లాడిస్తే మళ్లీ మొదటినుంచి.

పటంతో పని లేదు. పాత దారాన్ని పరిచి, కొత్త దారాన్ని పక్కన పెట్టి, ఆమె గుర్తులనే మళ్లీ వేయాలి. ఇంటికి వెళ్లి ఆ ఎర్ర సీసా, దాని పక్కనే ఉండే ఆకుపచ్చదీ తెచ్చాను. సాయంత్రం తోర్లీఫ్ దుకాణం మూసి, ఇద్దరం రేవులోని పొడవాటి తేలుడు వంతెన మీదికి దిగాం. మేలో మాకు పొద్దు ఒక పట్టాన గుంకదు. నీళ్లు పాలలా ఉన్నాయి. ఇద్దరు ముసలివాళ్లం, రెండు దారాలు పట్టుకుని, వంతెన ఈ చివరినుండి ఆ చివరికి వెనక్కి వెనక్కి నడిచాం. గుర్తు వచ్చిన చోటల్లా నేను మోకాళ్ల మీద కూర్చుని రంగు వేసేవాణ్ని, తోర్లీఫ్ దాన్ని ఆరేదాకా ఊదేవాడు. చెక్కల మధ్య నీరు చిన్నగా చప్పుడు చేస్తోంది. ఎవరో పడవలోంచి, "ఏం తోర్లీఫ్, గోళ్లకు రంగా?" అని అడిగారు.

"నీకూ వేయమంటావా? వరసలో నిలబడు" అన్నాడు.

ఒకచోట పాత దారాన్ని ఒక్క బార నా చేతుల మధ్య పట్టుకున్నాను. రెండు గుర్తుల మధ్య దూరంలో పదో వంతు, కళ్లతోనే కొలిచి. నా చేతులు పూర్తిగా చాచనక్కర లేకపోయింది. మోచేతులు కొంచెం వంగి, ఎవరినో దగ్గరికి తీసుకోబోతున్నట్టు ఉన్నాయి. తోర్లీఫ్ చూసి, తర్వాతి గుర్తు వైపు నడిచాడు. అతని మాటలన్నిటికంటే ఆ నడక నాకు గుర్తుండిపోయింది.

ఆ తర్వాత గాలి పట్టుకుంది. పది రోజులు రేవులోంచి ఒక్క చిన్న పడవ కదలలేదు. ఇరవై ఏడో తేదీ పొద్దున లేచేసరికి జెండా గుడ్డ కర్రకు అంటుకుని నిద్రపోతోంది.

"ఒక్కడివే వెళ్లనివ్వను. హాలిబట్ తోక తగిలితే కాలు విరుగుతుంది" అన్నాడు తోర్లీఫ్.

"నువ్వు వస్తే చోటు తెలిసిపోతుందిగా."

"పుస్తకం తెచ్చుకుంటాలే. నువ్వు నలభై ఏళ్లు చూడలేదు. నేను ఒక్కరోజు చూడకుండా ఉండలేనా?"

అన్నట్టే తెచ్చుకున్నాడు. దుకాణంలో ఉన్న ఒకే ఒక్క పుస్తకం, మోటారు బాగు చేసుకునే విధానం. నా మెత్త మీద, నా చోట, నా వైపు తిరిగి కూర్చుని, టోపీ అంచును కళ్లదాకా లాక్కున్నాడు. నేను మారిత్ చోట కూర్చుని మోటారు పట్టుకున్నాను.

అక్కడినుండి చూస్తే ముందు ఒక తల, ఒక పుస్తకం. వాటికి అటూ ఇటూ కొండలు, మంచు చారలు, దేవదారు చెట్లు, నీటిలో వాటి నీడలు. నలభై ఏళ్లు ఆమె చూసినవన్నీ ఇవే. నన్ను పిలిచి చూపించాలని ఎన్నిసార్లు అనుకుందో. చదువుకోనీలే అని ఊరుకుంది.

చోటు ఎక్కడో తెలియకపోయినా, అక్కడ కూర్చుంటే ఎలా ఉండేదో నా ఒంటికి తెలుసు. ఎడమ చెవి మీద ఎండ. కుడి చెంప మీద చల్లటి ఊపిరి, ఏదో మంచు వాగు సముద్రంలో కలిసే చోటుది. అరగంట ప్రయాణం. అరగంట అయ్యాక మోటారు తగ్గించాను.

"ఎడమ చెవికి ఎండ తగులుతోందా?"

"ముక్కుకి తగులుతోంది."

పడవను కొంచెం ముందుకు పోనిచ్చాను. "ఇప్పుడు?"

"చెవికి తగులుతోంది. అడిగావని చెబుతున్నా, నేను చదువుకుంటున్నాను. స్పార్కు ప్లగ్గు తీయుట."

"కుడి చెంప?"

పేజీ తిప్పాడు. పడవ తనంతట తాను జారుతోంది. "చల్లగా ఉంది" అన్నాడు.

ఎర గుచ్చి గుండు వదిలాను. మొదటిసారి మూడో ఎరుపు దగ్గరే అడుగు తగిలింది. జరిగి మళ్లీ వదిలితే ఐదు దాటిపోయింది. సముద్రపు పోటుకీ పాటుకీ మధ్య నీరు నిలిచే అరగంటలోనే గాలం వేయాలి, అందులో సగం అయిపోయింది. మూడోసారి ఒక్కో ఎరుపూ నీళ్లలోకి దిగడం చూస్తూ కూర్చున్నాను. నాలుగోది దిగింది. ఆకుపచ్చ గుర్తు సరిగ్గా నీటి చర్మాన్ని తాకగానే, కింద ఇసుక నా వేలికి తగిలింది. తోర్లీఫ్ చెప్పినట్టే.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కర్ర కొస ఒకసారి అవునన్నట్టు తల ఊపింది. మళ్లీ ఊపింది.

"గుంజకు" అన్నాడు తోర్లీఫ్, పుస్తకంలోంచే. "మింగనీ. నెమ్మదిగా తిప్పు."

తిప్పాను. అది పైకి రావడం తలుపు లేచి వస్తున్నట్టు ఉంది. ఆకుపచ్చ, ఎరుపు, ఎరుపు, మళ్లీ కిందికి పరుగు, ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ. మళ్లీ తిప్పాను. పొట్టి కర్ర నా నడుమును కాపాడింది. ఎంతసేపటికో నీటి కింద గోధుమరంగు నేల ఒకటి లేచినట్టు కనిపించింది. రెండు కళ్లూ ఒకే పక్కన, పైకి చూస్తూ.

"చూడనా?" అన్నాడు తోర్లీఫ్.

"చేపను చూడు. కొండను చూడకు."

టోపీ ఎత్తాడు. కొక్కెపు కర్ర తీసి చేప పక్కన నీటి మీద పట్టాడు. చేప కర్రకంటే జానెడు పొడవుంది. మారిత్ ఇంట్లో ఒకే చట్టం ఉండేది: ఆ కర్ర కంటే పొడవైనది తల్లి, దాన్ని ముట్టుకోకూడదు. ఇద్దరికీ తెలుసు. తోర్లీఫ్ నా ముఖంలోకి చూశాడు.

"నీళ్లు కదులుతున్నాయి బావా. ఇంకోదానికి టైము లేదు. రేపు ఇరవై ఎనిమిది. రేడియోలో మళ్లీ గాలి అన్నారు."

"తెలుసు" అన్నాను. "ముల్లు తీసేయ్."

పటకారుతో దాని నోట్లోంచి గాలపు ముల్లు తీశాడు. అది వెంటనే వెళ్లలేదు. పడవ పక్కన కాసేపు పడుకుని, దుప్పటి సర్దుకున్నట్టు అంచులు ఒకసారి కదిపి, కిందికి, తన నాలుగున్నర దగ్గరికి వెళ్లిపోయింది. నీటి వాలు మొదలై దారం పక్కకు లాగసాగింది.

మోటారు తిప్పి రేవుకు వచ్చాం. రేవులో అడిగినవాళ్లకు తోర్లీఫే చెప్పాడు, ఏమీ పడలేదని.

ఇంటికి రాగానే ఫ్రీజరు మూత తెరిచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాను. చెయ్యి ఆగుతుందనుకున్నాను, ఆగలేదు. పక్కన పెట్టడానికి వేరే పొట్లం లేదు. కానీ ఆమె చోట చేప ఇంకా ఉంది, అది చివరిది అని ఇక అనిపించలేదు. మరునాడు గాలి అన్నట్టే వచ్చింది. బంగాళాదుంపలు ఉడకబెట్టి, వెన్న కరిగించి, తోర్లీఫ్‌ను భోజనానికి పిలిచాను. చేప తెల్లగా, రేకులు రేకులుగా విడిపోయింది. అట్టముక్క కాదు.

"ఇంకో ముక్క వేసుకో" అన్నాను.

వేసుకున్నాడు. నములుతూ, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "నలభై ఒకటో పేజీలో ఉన్నాను. ఎడమ చెవికి ఎండ, కుడి చెంపకు చలి. నేనేమీ చూడలేదు. కానీ నాకు తెలిసిపోయింది బావా."

"తెలుసు."

"ఎవరైనా అడిగితే?"

"నోటి దగ్గర అని చెప్పు."

భోజనం అయ్యాక ఫ్రీజరు తీగ పీకేసి, మూత బార్లా తెరిచాం. సీజను మొదట్లో మారిత్ ఏటా చేసే పని అది, పేరుకున్న మంచు కరగనిచ్చి, తుడిచి, కొత్తవాటికి చోటు చేయడం. తోర్లీఫ్ నేల మీద పాత తువ్వాళ్లు పరిచాడు. మంచు ఒక్కో చుక్కా కారుతుంటే ఇద్దరం కాఫీ తాగుతూ కూర్చున్నాం.