రోంగ్ ఒప్పుకున్న తప్పు

నా భార్య రోంగ్‌ను చంపింది దళపతి తెంగ్ క్వాన్. జ్వరం కాదు, దాహం కాదు, రాజు సైన్యమూ కాదు. ఊరి బయట ఇప్పుడు ఆయనకు గుడి కడుతున్నారు. నాలుగక్షరాలు వచ్చినవాణ్ణని, ఆయన కథ రాసిపెట్టమని ఊరి పెద్దలు నన్నడిగారు. రాస్తున్నాను. వాళ్ళు అడిగింది ఇది కాదని తెలుసు.

తెంగ్ క్వాన్ మా ఊరివాడే, వరుసకు నాకు అన్న. చిత్తడి నేలల్లో రెల్లు కోసి చాపలల్లి అమ్ముకునేవాడు. కరువు కాలంలో పన్నులవాళ్ళు విత్తనాల కొర్రలు కూడా ఎత్తుకుపోతే, తలకు పసుపు గుడ్డ చుట్టి మమ్మల్ని లేపింది ఆయనే. ధైర్యం గలవాడు. ఆ మాట దాచను.

లూచెంగ్ కోట పట్టుకున్నాం. ఎండాకాలంలో రాజు సైన్యం వచ్చి చుట్టూ దిగింది. లోపల బావులు అడుగంటాయి. జ్వరాలు పట్టుకున్నాయి.

పసుపు గుడ్డ కట్టినవాళ్ళందరికీ మా గురువు నేర్పిన వైద్యం ఒక్కటే. జబ్బుపడినవాళ్ళు శుద్ధి గదిలో మోకాళ్ళ మీద కూర్చుని, బతుకులో చేసిన తప్పులన్నీ పైకి చెప్పుకోవాలి. ఆ తర్వాత మంత్రం రాసిన గుడ్డపీలిక కాల్చి, ఆ బూడిద కలిపిన నీళ్ళు తాగాలి. తగ్గితే లోపల శుభ్రమైనట్టు. తగ్గకపోతే ఏదో తప్పు ఇంకా దాచుకున్నట్టు. అక్కడ చెప్పింది గడప దాటకూడదు. ఎంత పెద్ద తప్పయినా శిక్ష ఉండదు. మేమంతా నమ్మాం. ఆ గదికి కాపలాదారుణ్ణి నేనే. మంత్రం రాసేదీ, గిన్నె అందించేదీ నేనే.

రోంగ్‌కు జ్వరం వచ్చినప్పుడు ఆమె తప్పులూ నేనే విన్నాను. మా అమ్మ జావలో ఒకసారి కావాలని ఉప్పు ఎక్కువ వేసిందట. పక్కింటివాళ్ళ పట్టుపురుగులు చచ్చిపోతే లోపల సంతోషించిందట. నన్ను కట్టుకున్న కొత్తలో, నా గురక వినలేక పారిపోదామనుకుందట.

"మరెందుకు పోలేదు?" అన్నాను.

"మా పుట్టింట్లో మా నాన్న గురక ఇంతకన్నా పెద్దది" అంది.

నీళ్ళు తాగింది. తగ్గలేదు. మళ్ళీ చెప్పింది, మళ్ళీ తాగింది. ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. పెదవులు పగిలాయి. కోటలో నీళ్ళకు కట్టడి. పోరాడేవాళ్ళకు ముందు, జబ్బువాళ్ళకు శుద్ధి గదిలోనే. అదీ తప్పు చెప్పినవాళ్ళకే. నా వాటా నీళ్ళు ఆమెకే పట్టాను. చాల్లేదు.

అప్పుడే గడ్డికి వెళ్ళినవాళ్ళు చచ్చారు. పడమటి గోడ కింద తూములోంచి దూరి, అవతల రెల్లు దుబ్బుల చాటున గుర్రాలకు గడ్డి కోసుకొచ్చేవారు. ఆ దారీ, తెల్లారకముందు వేళా తెంగ్ క్వాన్ చెప్పినవే. ఆ ఉదయం శత్రువులు అక్కడే పొంచి ఉన్నారు. ఒక్కడు తిరిగొచ్చాడు, చెయ్యి లేకుండా. లోపలివాడెవడో చెప్పేశాడని కోటంతా గుప్పుమంది. మధ్యాహ్నానికల్లా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. రెండు చోట్ల కత్తులు దూశారు.

సాయంత్రం తెంగ్ క్వాన్ శుద్ధి గదికి వచ్చాడు. వెంట హో అనే కావలివాడు, ఇంకొకడు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు. నేను అడ్డం నిలబడ్డాను.

"జరుగు తమ్ముడూ" అన్నాడు. "మరదలికి ఎలా ఉందో చూద్దామని వచ్చాను."

"మీరొక్కరే రండి అన్నా. వాళ్ళెందుకు?"

హో నా పేరు పెట్టి పిలిచి నవ్వాడు. "ఏం పెయ్, మేమొస్తే మీ ఆవిడ చెప్పుకునే తప్పులు మా చెవిన పడతాయనా?"

తెంగ్ క్వాన్ నన్ను భుజంతో పక్కకు తోసి లోపలికి వెళ్ళాడు. రోంగ్ లేవబోయి, చేతులు ఆనించి మోకాళ్ళ మీద కూర్చుంది. గిన్నె ఆయనే తీసుకున్నాడు. నీళ్ళు ఆమెకు కనిపించేలా పట్టుకున్నాడు.

"ఏదో మిగిలింది అమ్మాయ్. అది బయటికి రావడం లేదు, అందుకే తగ్గడం లేదు."

"అన్నీ చెప్పేశాను బావగారూ."

"అన్నీ చెబితే ఈపాటికి లేచి తిరుగుతూ ఉండాలి కదా. పెద్దదేదో ఉంది. కోటకు సంబంధించింది. గుర్తు తెచ్చుకో."

"మంచం దిగలేదు బావగారూ నేను."

"జ్వరం రాకముందు దిగావుగా. గోడ మీద గుడ్డలు ఆరేశావు. ఎవరైనా చూసి ఉండొచ్చు. నువ్వు చూపించి ఉండొచ్చు. ఇక్కడ చెబితే శిక్ష లేదు, నీకు తెలుసు. చెబితే నీళ్ళు."

"రోంగ్, మాట్లాడకు" అన్నాను. హో నా నోరు మూశాడు.

ఆమె నా వైపు చూడలేదు. గిన్నెనే చూసింది. లేనిది ఒప్పుకుంటేనే ఒళ్ళు శుభ్రమవుతుందేమోనని నిజంగా నమ్మిందో, లేక ఆ నీళ్ళ కోసమే చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"నేనే చూపించాను" అంది. "గడ్డివాళ్ళ దారి. గుడ్డ ఊపాను."

ఆయన నీళ్ళిచ్చాడు. గిన్నె అడుగున బూడిద కూడా నాకింది. ఆమె మొహం ఒక్క క్షణం తేటపడింది. ఆయన అప్పటికే బయటికి నడిచాడు. డోలు మోగించే అరుగు ఎక్కి, ద్రోహి దొరికిందని అందరికీ చెప్పాడు.

నేను పరుగెత్తి, గాదె వెనక ఆయన్ని పట్టుకున్నాను.

"మోకాళ్ళ మీద చెప్పింది గది దాటకూడదు. నియమం మీది కాదు, గురువుది."

"గురువు ఇక్కడ లేడు. ఎనిమిది వందల మంది ఉన్నారు. పొద్దున్నుంచి ఒకళ్ళనొకళ్ళు పొడుచుకోవాలని చూస్తున్నారు."

"ఆమె చెయ్యలేదని మీకు తెలుసు."

"తెలుసు."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు. ఆయనే మాట్లాడాడు.

"ఎవడూ చెప్పలేదు పెయ్. కొంగలు. తెల్లారకముందు రెల్లులో కొంగలు పడుకుని ఉంటాయి. మనిషి అడుగుపెడితే గుంపుగా లేస్తాయి. అవతలివాళ్ళు ఒకసారి చూస్తే చాలు, మర్నాడు అక్కడ కాపు కాస్తారు. పుట్టినప్పటి నుంచీ ఆ రెల్లు కోసినవాణ్ణి, నాకది తట్టలేదు. మధ్యాహ్నం పంపితే కొంగలే ఉండవు. ఇకమీదట మధ్యాహ్నమే పంపుతాను."

"అదే వాళ్ళకు చెప్పండి."

"తప్పు నాదని చెప్పమంటావా? రేపు గోడ మీద ఎవడు నా మాట వింటాడు?"

"అయితే నేను చూపించానని చెప్పండి. ఆమె బదులు నన్ను చంపండి."

నా తలగుడ్డ సర్ది, నవ్వాడు. "మొగుడూ పెళ్ళాలు ఎవరు ముందు చావాలని కొట్లాడుకుంటున్నారే. నేనామెను చంపనులే. తలుపు తీసి బయటికి పంపిస్తానంతే. అవతలివాళ్ళకు జాలి ఉంటే ఆమె అదృష్టం."

మర్నాడు ఎండెక్కాక దిడ్డి తలుపు తెరిచి ఆమెను బయటికి నెట్టారు. నన్ను ఇద్దరు గోడ మీద పట్టుకున్నారు. నాలుగడుగులు వేసింది. నరికేసిన మల్బరీ మొద్దు ఒకటి ఉంటే దాని మీద కూర్చుంది. ఒకసారి గోడ వైపు తిరిగింది. నా పేరు పిలవలేదు. పైబట్ట తల మీదికి లాక్కుంది.

శత్రువులు బాణం వెయ్యలేదు. నీళ్ళూ తేలేదు. మా ఎర అనుకున్నారేమో. గోడ మీద మనవాళ్ళు మాత్రం ఒకళ్ళకొకళ్ళు చూపించుకున్నారు.

"చూశావా, కొట్టడం లేదు" అన్నాడు హో. "వాళ్ళ మనిషే."

"నిన్నటిదాకా దానిమీద జాలిపడ్డాను నేను" అన్నాడు ఇంకొకడు.

పొద్దు వాలేసరికి ఆమె పక్కకు ఒరిగిపోయింది. శత్రువులు ఒక్క బాణం వేసి ఉంటే, వాళ్ళ మనిషి కాదని తేలి ఆమె పేరు మిగిలేది. అదీ దక్కలేదు.

ఆ తర్వాత గడ్డివాళ్ళు మధ్యాహ్నం వెళ్ళారు. అందరూ తిరిగొచ్చారు. ద్రోహి పీడ పోయిందని ఆ పూట కోటలో పాటలు పాడారు. తెంగ్ క్వాన్ మాటకు ఎదురు లేకుండా పోయింది.

కొన్నాళ్ళకు ఆయనకూ జ్వరం వచ్చింది.

మోసుకొచ్చి నా ముందు దించారు. ఆయన ఒకసారి తెరిచిన తలుపు మళ్ళీ మూసుకోలేదు, బయటివాళ్ళు వినకూడదన్న నియమం పోయింది. హో, మిగిలినవాళ్ళు వాకిట్లో నిలబడ్డారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను గిన్నె పట్టుకున్నాను.

"చెప్పండి" అన్నాను.

భూస్వామి ఇంట్లో ఆడపందిని దొంగిలించానన్నాడు. వాకిట్లో నవ్వారు. మొదటి యుద్ధంలో భయపడి గుంటలో దాక్కున్నానన్నాడు. ఎవరూ నమ్మలేదు, ఇంకా మెచ్చుకున్నారు.

"ఇంకా?"

నా కళ్ళలోకి చూశాడు. "నీకు తెలుసు తమ్ముడూ."

"నాకు తెలిస్తే లాభం లేదు. నోటితో చెప్పాలి. వాళ్ళు వినాలి."

ఆయన వాకిలి వైపు చూశాడు. పసుపు గుడ్డలు, ఎండిన మొహాలు. నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు. ఆమె పేరు నిలబడేది. నాకు కావలసింది అంతే. ఆయన చావు కూడా నేను కోరుకోలేదు, ఆ క్షణంలో.

"ఇంకేమీ లేదు" అన్నాడు.

దాచిపెట్టినవాడికి నీళ్ళు పనిచెయ్యవు. నేనది నమ్మేవాణ్ణి. అందుకే గిన్నె ఇచ్చాను. తాగాడు. చెమట పట్టింది. ఆకలన్నాడు. జావ తాగి లేచి నిలబడ్డాడు. వాకిట్లో కేకలు వేశారు.

అన్నీ చెప్పి, లేనిది కూడా చెప్పిన మనిషి చచ్చింది. దాచుకున్నవాడు లేచాడు. ఆ పూటే నా పసుపు గుడ్డ విప్పి పొయ్యిలో వేశాను.

కొంగల సంగతి నేనప్పుడే అరిచి చెప్పాను. హో నా పళ్ళు రాలగొట్టాడు. భార్య చచ్చి మతి పోయిందన్నారు. చలికాలం ముందు కోట పడింది. తెంగ్ క్వాన్ కోట వాకిట్లో నిలబడి, విరిగిన ఈటెతో పోరాడి చచ్చాడు. అది నిజం. గుడి దానికే కడుతున్నారు. నేను తూములోంచి పాక్కుంటూ బయటపడ్డాను. మొద్దు దగ్గర వెతికాను. ఏమీ మిగల్లేదు.

పెద్దలారా, ఇది మీకు చదివి వినిపిస్తాను. నచ్చితే ఉంచుకోండి, నచ్చకపోతే కాల్చుకోండి. అగరొత్తులు మీవి, గుడి మీది. నన్ను ఆ గుడికి పిలవకండి. ఈ సంగతి ఇంకెవరు అడిగినా నేను నోరు విప్పను.