దిష్టిచుక్క పెట్టి అడిగిన ప్రశ్న

బత్తలపల్లె హైస్కూలు మేడకు పది మెట్లు. తన బతుకు ఎంత బాగుందనుకుంటే అంత ఎత్తు మెట్టెక్కి నిలబడాలి, ఒక్కో పిల్లా పిల్లోడూ. పదో తరగతి పిల్లలు జీవితంతో ఎంత తృప్తిగా ఉన్నారన్నదే సరళ పరిశోధన. ఆమె కూడా ఈ బడిలోనే చదివింది, ఈ ఊరి వేరుశెనగ చేలల్లోనే పెరిగింది.

పిల్లలంతా గొర్రెల మందలా నాలుగో మెట్టు దగ్గరే ఇరుక్కున్నారు.

"నేను చెప్పలా? కరువు సీమ. ఈడ పిల్లోళ్లకు తృప్తి యాడ్నుంచి వస్తాది? అట్లే రాసేయ్" అన్నారు, అనంతపురం నుంచి వచ్చిన ఆమె పరిశోధన గైడు గంగాధరప్ప సారు.

సరళకు ఒళ్లు మండింది. తన ఊరి పిల్లల మీద తన చేత్తోనే ఆ మాట రాయాలా? ఒకసారి రాస్తే చదివినవాళ్లందరికీ ఇక అదే నిజమైపోతుంది.

మగ్గం నేసే ఈశ్వరప్ప కూతురు అశ్విని కూడా ఆ గుంపులోనే ఉంది. మొన్ననే ఖోఖోలో జిల్లా జట్టుకు ఎంపికైతే ఊరంతా ఊరేగించిన పిల్ల.

"ఏం పాపా, నీకేం తక్కువని ఆడ నిలబడినావు?" అని అడిగింది సరళ.

అశ్విని గొంతు తగ్గించింది. "బాగుండామని అందరి ముందర చెప్తే దిష్టి తగలదా అక్కా?"

సరళ నాలుక్కరుచుకుంది. చేను విరగకాసిన ఏడు కూడా తన తల్లి నల్లమ్మ "ఏదో అట్లుండాది" అనే కదా అనేది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

అశ్వినిని అడిగి కాటుక డబ్బా తీసుకుంది. ఒక్కొక్కరి చెంపకూ చుక్క పెట్టింది. మీసాలు మొలుస్తున్న మగపిల్లలు మెలికలు తిరిగారు గానీ తప్పించుకోలేకపోయారు.

"ఇంక ఏ కన్నూ తగలదు. ఇప్పుడు నిజం చెప్పండి."

మెట్ల మీద దడదడ మొదలైంది. అశ్విని పైదాకా పోయింది, చాలామంది ఆమె వెనకే. చౌడేశ్వరి మాత్రం నాలుగో మెట్టు నుంచి రెండో మెట్టుకు దిగింది. "మా నాయన బెంగుళూరికి కూలికి పోయినాడు. నాయన వచ్చినాక ఎక్కుతా" అంది తలెత్తి.

ఆ పిల్ల దిగినందుకే, ఎక్కినవాళ్ల మాటా సరళ నమ్మింది. నిజం కోసం అందరి ముందర కిందికి దిగే ధైర్యం తన ఊరి పిల్లది.

సారు గడ్డం గోక్కున్నారు. "ఈ పద్ధతి ఏ పుస్తకంలో ఉండాదమ్మా?"

"మా ఊర్లో ఉండాది సార్. పుస్తకంలోకి నేను ఎక్కిస్తా."

ఆయన నవ్వారు. "సరే, నీవు ఏ మెట్టు మీద ఉండావు?"

"ఏదో అట్ల..." అనబోయి సరళ ఆగింది. డబ్బాలో వేలు ముంచి తన చెంపకూ చుక్క పెట్టుకుంది. పదో మెట్టు మీద అశ్విని జరిగి చోటిచ్చింది.