దుప్పట్లక్క నిద్ర

"మన దుప్పట్లక్క ఈ కొట్టులో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు యజమాని గొంతు సవరించుకుంటూ. కొట్టు ఇంకా తెరవలేదు. బిల్లుల బల్ల మీద ఆమె ఫొటోకు దండ వేసి పెట్టి, పనివాళ్ళందరినీ, ఆమె ఇంటివాళ్ళనీ చుట్టూ నిలబెట్టారు. కుర్చీలో ఉన్నది ఆయన ఒక్కడే.

ఆ కొట్టులో ఆడవాళ్ళకు పేర్లు ఉండవు. ఎవరు ఏది అమ్మితే అదే పేరు. దుప్పట్లక్క, తువ్వాళ్ళావిడ, గలీబుల పిల్ల. తెరలు అమ్మే ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టి, నెత్తిన తెల్లవెంట్రుకలు మొదలైనా ఇంకా తెరలమ్మాయే. ఆమె వెనక వరసలో నిలబడి ఆ పొగడ్తలన్నీ వింటోంది.

దుప్పట్లక్క పోయింది ఈ కొట్టులోనే. తగ్గింపు ధరలని జనం తోసుకుంటున్న మధ్యాహ్నం, అరల మధ్య సందులో, దుప్పట్ల దొంతరకు వీపు ఆనించి నిలబడే పోయింది. ఏ క్షణాన పోయిందో ఎవరికీ తెలియదు. ఒకావిడ ఇదే రంగులో పెద్దది ఉందా అని మళ్ళీ మళ్ళీ అడిగి, బదులు రాక, ఇంత పొగరేమిటని విసుక్కుంది. సర్దిచెబుదామని పరిగెత్తుకొచ్చి అక్క భుజం మీద చెయ్యి వేసింది తెరలమ్మాయే. ఆ చల్లదనం ఇప్పటికీ అరచేతిలో ఉంది. వేడినీళ్ళతో కడిగినా పోలేదు.

అక్కంటే గిట్టని మనిషి ఆ వీధిలో లేడు. కొత్తగా కాపురం పెట్టేవాళ్ళు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. మామగారు పక్క తడుపుతున్నాడని చెప్పలేక ఏ కోడలైనా నసుగుతుంటే, ముదురురంగు దుప్పటి తీసి చేతిలో పెట్టి, ఇది తొందరగా ఆరుతుందమ్మా అనేదే తప్ప ఎందుకని అడిగేది కాదు. కడుపునొప్పితో తెరలమ్మాయి మెలికలు తిరిగే రోజుల్లో రెండు బల్లలూ తనే చూసుకునేది. "నువ్వెళ్ళి బాత్రూంలో కాసేపు కూర్చో. ఎవరన్నా అడిగితే నేను చెప్తాలే," అనేది. అక్కడ ఆడవాళ్ళు కూర్చోగలిగే చోటు అదొక్కటే. అక్క మాత్రం అక్కడికీ పెద్దగా వెళ్ళేది కాదు. మోకాళ్ళ కింద నరాలు తాళ్ళలా ఉబ్బిపోతే గుడ్డపేలికలు బిగించి కట్టుకుని, పైన నవ్వుతూ మడతలు పెట్టేది.

యజమాని తర్వాత అక్క భర్త ముందుకొచ్చాడు. "ఇంట్లోనూ అంతేనండీ. మేం లేచేసరికే లేచుండేది. మేం పడుకున్నాక కూడా వంటింట్లో చప్పుడవుతూనే ఉండేది. మా ఆవిడ నిద్రపోగా నేను ఒక్కసారీ చూడలేదు." గర్వంగానే చెప్పాడు. అత్తయ్య ఉన్నన్నాళ్ళూ తనకు పనంటే ఏమిటో తెలీలేదని అక్క కోడలు కళ్ళు ఒత్తుకుంది. ఆ కళ్ళ కింద అప్పుడే నల్లచారలు దిగాయి.

అందరూ వెళ్ళాక యజమాని తెరలమ్మాయిని పిలిచి, తెరలతోపాటు దుప్పట్లూ నువ్వే చూసుకోవాలన్నాడు.

ఆ రోజు ఇంటికి వెళ్ళి ఆమె ఉప్పువేసిన నీళ్ళలో కాళ్ళు పెట్టుకుంది. చల్లటి గదిలో నిలబడటమూ ఒక పనేనా అని అత్తగారు ఎప్పుడూ అనే మాటే అన్నది. రోజంతా మెత్తటి పరుపుల మధ్య ఉద్యోగం, నీకేం తక్కువ అని భర్త పరాచికాలాడి, ఆ బకెట్లోంచి కాళ్ళు తీసి అన్నం పెట్టమన్నాడు. వడ్డించింది. నిలబడే తిన్నది. గిన్నెలు కడుగుతుంటే ఒక ఆలోచన వచ్చి పట్టుకుంది. ఈయన నన్ను నిద్రలో చూశాడా ఎప్పుడైనా? పెళ్ళయిన కొత్తలో? పురుళ్ళప్పుడు? పిల్ల ఏడుపుకి ముందే లేవడం, ఆయన దగ్గుకి ముందే నీళ్ళు పెట్టడం, అత్తగారి తలుపు గడియ చప్పుడుకి ముందే పొయ్యి వెలిగించడం, ఇవే గుర్తొస్తున్నాయి. నేను పోతే ఈయన కూడా నలుగురిలో నిలబడి ఇదే మాట చెప్తాడు కదా అనుకుంది.

దుప్పట్ల విభాగం మధ్యలో కొనేవాళ్ళకు చూపించడానికి ఒక పెద్ద మంచం ఉంటుంది. పరుపు, దిండ్లు వేసి, రోజుకో కొత్త దుప్పటి పరుస్తారు. దాని మీద ఎవరూ కూర్చోకూడదు. మర్నాడు పొద్దున్న ఆ పరుపులో మనిషి పడుకున్నంత మేర గుంట పడి ఉంది. దిండు మీద తల ఆనిన చోటు లోతుగా ఉంది. కాపలావాడి పనేనని సూపర్‌వైజరు తిట్టాడు. కెమెరాల్లో చూస్తే మంచం దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. తెరలమ్మాయి దుప్పటి లాగి సరిచేసింది. పరుపు వెచ్చగా ఉంది. మధ్యాహ్నానికి, అందరి కళ్ళెదుటే, మళ్ళీ గుంట పడింది.

ఇక రోజూ అదే. ఆమె సరిచేయడం, గుంట పడటం. గలీబుల పిల్ల భయపడి అటువైపు రావడం మానేసింది. ఒకనాడు ఏళ్ళుగా అక్కడే దుప్పట్లు కొనే ఒకావిడ తెరలమ్మాయి మొహంలోకి నిదానంగా చూస్తూ, "ఏం దుప్పట్లక్కా, ఇలా చిక్కిపోయావేం?" అంది. తను అక్క కాదని చెప్పబోయింది. ఈలోగా కాలు సలిపింది. వంగి చూసుకుంటే తన మోకాలి కింద ఒక నరం నీలంగా పైకి తేలి ఉంది.

ఆ మర్నాడు కొట్టు తెరిచే వేళకు గుంట మరీ లోతుగా ఉంది. సూపర్‌వైజరు వచ్చి, జనం వచ్చేలోగా దుప్పటి లాగెయ్యమన్నాడు. ఆమె కొస పట్టుకుని లాగింది.

"ఇంకొంచెం సేపు," అంది పరుపు మీంచి ఒక గొంతు. నిద్రతో బరువెక్కిన గొంతు.

ఎదుటి బల్ల దగ్గర తువ్వాళ్ళావిడ చేతిలోని తువ్వాలు జారిపోయింది. ఆమె కూడా వింది. సూపర్‌వైజరుకు మాత్రం ఏమీ వినపడినట్టు లేదు. ఇంకా చూస్తావేం అని కసిరాడు.

తెరలమ్మాయికి ముందు భయమే వేసింది. ఆ వెంటనే ఏడుపు వచ్చింది. ఇన్నేళ్ళలో అక్క నోట తనకోసం ఏదైనా అడగడం వినలేదు. చివరికి అడిగింది ఇదా, ఇంత చిన్నదా అనిపించింది. దుప్పటి కొస వదిలేసింది.

"నేను లేపను సార్."

"ఎవర్ని?"

ఆమె అరలోంచి పలచటి దుప్పటి ఒకటి తీసి, దులిపి, ఆ గుంట మీద మెల్లగా కప్పింది. అది పరుపుకు ఆనలేదు. భుజం దగ్గర, తుంటి దగ్గర, ముడుచుకున్న మోకాళ్ళ దగ్గర కాస్త ఎత్తులో ఆగింది. సన్నగా పైకి లేచి, కిందికి దిగుతోంది. సూపర్‌వైజరు రెండడుగులు వెనక్కి వేసి, యజమాని గదివైపు గబగబా నడిచాడు.

తలుపులు తెరిచారు. జనం లోపలికి వస్తున్నారు. ఎవరో దుప్పట్లక్కా అని పిలిచారు. తెరలమ్మాయి పలకలేదు. మంచం చుట్టూ తిరిగి రెండోవైపుకి వెళ్ళి, చెప్పులు విడిచి, అందరూ చూస్తుండగా పరుపు మీద కూర్చుంది. దుప్పటి కింద కదలిక తెలిసింది. ఆమెకు చోటివ్వడానికి పక్కనున్న మనిషి కాస్త అటు జరిగింది.