అవతలి కొస

కేబులు పోగులు అతికే స్ప్లైసింగ్ మిషను బ్యాటరీ నిండిందో లేదో చూసుకోవాలి. స్పిరిట్ సీసా నింపుకోవాలి. గుడ్డ ముక్కలు, అతుకుల మీద తొడిగే స్లీవులు, నల్ల టేపు సంచిలో సర్దుకోవాలి. రాత్రి గాలికి పులిగడ్డ దగ్గర కిందికి వేలాడిన కేబులును లాగి కట్టాలి. అవనిగడ్డలో ఒక ఇంటికి కొత్త కనెక్షన్ ఇవ్వాలి. ఇవన్నీ ముగించుకుని, బస్సెక్కి బందరు వెళ్ళి, ఏసుబాబుతో మాట్లాడాలి.

ఆ చివరి పనొక్కటే రేపటికి వాయిదా వేయడానికి వీల్లేనిది. మర్నాడు గుంటూరు ఆసుపత్రిలో ఏసుబాబు గొంతులోంచి స్వరపేటికను తీసేస్తారు. మనిషి దక్కుతాడు గానీ మాట ఉండదని డాక్టరు చెప్పాడు. సాయంత్రం కారులో బయలుదేరుతున్నామని, ఆలోపే రమ్మని ఏసుబాబు కూతురు పూర్ణిమ రాత్రి ఫోన్ చేసింది.

"నాన్న మీ గురించే అడుగుతున్నారు మావయ్యా. మధ్యాహ్నం భోజనానికి వచ్చెయ్యండి."

"ఎందుకు రానమ్మా" అన్నాడు చిన్నారావు.

పులిగడ్డ దగ్గర స్తంభం మీద ఉండగానే అతని జేబులో ఫోన్ మోగింది. చిన్నారావు పొడుగు మనిషి. ఏళ్ళ తరబడి నిచ్చెన మోయడం వల్ల కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి జారి ఉంటుంది. స్పిరిట్ తుడిచీ తుడిచీ వేళ్ళ కొసలు నున్నబడిపోయి, వేలిముద్ర మిషన్లు అతన్ని ఒక పట్టాన గుర్తుపట్టవు. ఒక చేత్తో స్తంభాన్ని పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీశాడు. ఇప్పుడు తను పనిచేస్తున్న కేబుల్ నెట్‌వర్క్ యజమాని కృష్ణచైతన్య.

"చిన్నారావు గారూ, కోడూరు రోడ్డులో మెయిన్ తెగిపోయింది. ఊళ్ళన్నీ పడుకున్నాయి. అక్కడి సెల్ టవరుకి కూడా మన లైనే కదా, అదీ చచ్చింది."

"నేను బందరు వెళ్ళాలని నిన్ననే చెప్పానండి."

"తెలుసండీ. రెండో మిషను నాగాయలంకలో ఇరుక్కుంది. గంట పని. అది అతికించి అట్నుంచి అటే వెళ్ళిపోండి, కాదనను."

చిన్నారావు స్తంభం దిగాడు. గంట పని అన్నది ఎప్పుడూ గంటలో తెమలదని ఇద్దరికీ తెలుసు.

తెగిన చోటును వెతకవలసిన పనే లేకపోయింది. గడ్డి ఎత్తుగా వేసుకుని వెళ్ళిన ట్రాక్టరు కేబులును కొంత దూరం ఈడ్చుకుపోయి, కాలవ గట్టు మీద వదిలేసింది. కోతల కాలంలో ఇది మామూలే. రోడ్డు పొడుగునా ధాన్యం రాశులున్నాయి. దక్షిణాన సముద్రం వైపు నుంచి మబ్బు నల్లగా లేస్తోంది. ఒక రాశి పక్కన టార్పాలిన్ పట్టుకుని నిలబడిన కౌలు రైతు వెంకట్రామయ్య ఇతన్ని చూడగానే ఎదురొచ్చాడు.

"ఎంతసేపు పడుద్దయ్యా? నెట్టు ఉంటేగానీ ధాన్యం కొనే కేంద్రంలో మా పేరు ఎక్కదు, పేరు ఎక్కితేగానీ లారీ రాదు. ఆ మబ్బు చూడు. నెట్టు వచ్చేదాకా ఆగుద్దా అది?"

"నాకూ తొందరగానే ఉందండి."

"నీకేం తొందర, జీతం మనిషివి."

చిన్నారావు ఫోన్ తీసి చూశాడు. సిగ్నల్ లేదు. జేబులో పెట్టుకుని, మళ్ళీ తీశాడు. గొడుగు పాతి, దాని కింద పీట వేసుకుని కూర్చున్నాడు. కేబులు పైతోలు చీల్చాడు. నీలం, నారింజ, పచ్చ, గోధుమ రంగు గాజు పోగులు బయటికొచ్చాయి. ఒక్కో పోగును ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, కొసను నిటారుగా కత్తిరించి మిషనులో పెడుతున్నాడు. మిషను తెర మీద రెండు గాజు కొసలు దగ్గరకొచ్చి, చిన్న మెరుపుతో ఒకటవుతున్నాయి. కత్తిరించిన గాజు నలుసులు కంటికి ఆనవు, ఒంట్లో దిగితే బయటికి రావు. వాటిని నల్ల టేపు ముక్కకు అద్దుతున్నాడు.

వెంకట్రామయ్య గొడుగు కిందికి వంగి చూశాడు. "ఇంత సన్నం దారంలో ఏం పోద్దయ్యా?"

"వెలుతురండి. మీ ఆధార్ నంబరైనా, మీ ధాన్యం లెక్కైనా, పిల్లలు చూసే సినిమాలైనా ముక్కలు ముక్కలైపోయి వెలుతురు మీద వెళ్తాయి. ముక్కని ప్యాకెట్ అంటారు. ఎక్కడికి చేరాలో ఆ చిరునామా ప్రతి ముక్క మీదా ఉంటది. అవతల మళ్ళీ వరసలో కలుస్తాయి."

"బస్తాల మీద మా పేర్లు రాసినట్టు."

"అంతేనండి."

"దారిలో ఒక ముక్క పడిపోతే?"

"అవతలున్న కంప్యూటర్ చూసుకుంటదండి. అందలేదు, మళ్ళీ పంపమంటది."

"మా బస్తా పడిపోతే అడిగే నాథుడు లేడు" అని వెంకట్రామయ్య మబ్బును చూడటానికి వెళ్ళిపోయాడు.

ఈ సంగతులన్నీ చిన్నారావు గుడివాడలో నేర్చుకున్నాడు. అంతకుముందు అతనూ ఏసుబాబూ టెలిఫోన్ శాఖలో కూలీలుగా చేరి, గోతులు తవ్వి, మెల్లగా రాగి తీగలు అతికే జాయింటర్లయ్యారు. వానాకాలం వెళ్ళాక కేబులు పరీక్షించేటప్పుడు చిన్నారావు బందరు కొసన, ఏసుబాబు అవనిగడ్డ కొసన కూర్చునేవాళ్ళు. టెస్టు ఫోన్ తగిలించి, ఒక్కో జంట తీగ మీద ఒకడు "ఉన్నావా?" అనాలి, రెండోవాడు "ఉన్నా" అనాలి. అది వినపడితే ఆ జంట బాగున్నట్టు. అలా రోజంతా. మధ్యలో పిల్లల జ్వరాలు, చీటీ పాటలు, ఆ పూట కూరలు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది తక్కువ. పెళ్ళిళ్ళలో కలిస్తే ఏం మాట్లాడాలో తోచక నవ్వుకునేవాళ్ళు. అందుకే చిన్నారావుకు ఏసుబాబంటే మొహం కాదు. కాస్త బొంగురుగా, ప్రతి మాట చివరా కొద్దిగా సాగే ఆ గొంతే ఏసుబాబు.

అవనిగడ్డలో మొదటి నెట్ సెంటర్ పెట్టిన రోజుల్లో ఒక జంట మీద కీచుమని అరుపు, వెంట బుసబుస వినిపించింది. తడి దిగిందనుకుని చిన్నారావు ఆ జంటను మార్పించాడు. కొత్త జంట మీదా అదే అరుపు. ఏసుబాబు అదీ మార్చాడు. మూడోసారి చిన్నారావు ఫోన్‌లో వేరే కేకలు వినిపించాయి. నెట్ సెంటర్ కుర్రాడు వీధిలోకి పరుగెత్తుకొచ్చి, "ఎవడయ్యా నా నెట్టు తెంచుతోంది" అని ఏసుబాబు చొక్కా పట్టుకున్నాడు. ఆ అరుపు మోడెమ్‌ది. కంప్యూటర్ లెక్కను టెలిఫోన్ తీగ మోయగలిగే చప్పుడుగా మార్చే పెట్టె అది. "బావా, నువ్వు రోగమన్నది ఇంటర్నెట్టంట" అన్నాడు ఏసుబాబు. ఇద్దరూ రెండు కొసలా ఊపిరాడకుండా నవ్వారు.

ఆ తర్వాతే వాళ్ళను గుడివాడ శిక్షణకు పంపారు. విజయకుమారి అనే కొత్త ఇంజనీరు పాఠం చెప్పింది. సర్వర్ అంటే అడిగినవాళ్ళకు అడిగింది అందించే కంప్యూటర్. బ్రౌజర్ అంటే అడిగి తెచ్చి చూపించేది. ప్రోటోకాల్ అంటే రెండు వైపులా ముందే ఒప్పుకున్న మర్యాద. పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో అమెరికాలో దూరంగా ఉన్న రెండు కంప్యూటర్లను మొదటిసారి కలిపారని, లాగిన్ అనే మాట పంపబోతే మొదటి రెండు అక్షరాలు వెళ్ళాక అవతలి కంప్యూటర్ కుప్పకూలిందని చెప్పింది. ఒక్కో అక్షరం కొట్టి, చేరిందా అని ఇవతలి మనిషి అవతలి మనిషిని ఫోన్‌లో అడిగాడట.

వెనక బెంచీలోంచి ఏసుబాబు లేచాడు. "అంత పెద్దోళ్ళకి కూడా ఉన్నావా, ఉన్నా అనుకోక తప్పలేదాండీ?"

క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, "తప్పలేదండీ" అంది.

ఆఖరి పోగు అతికింది. చిన్నారావు పవర్ మీటరు పెట్టి చూశాడు. వెలుతురు చాలినంత రావడం లేదు. ఇంకెక్కడో దెబ్బ ఉంది. దెబ్బ ఎక్కడుందో తెలియడానికి పోగులోకి ఎర్ర లైటు వేసి, కేబులు వెంటే గట్టు మీద వేగంగా నడిచాడు, సగం నడక సగం పరుగు. తూము గొట్టంలో ఎలుకలు కొరికిన చోట ఎర్ర వెలుగు చిమ్ముతోంది. మళ్ళీ మొదటినుంచి ఒలవాలి, తుడవాలి, కోయాలి. సూర్యుడు నడినెత్తి దాటి మబ్బులోకి వెళ్ళాడు. పూర్ణిమ ఫోన్ చేస్తూనే ఉంటుంది. ఇక్కడ మోగదు.

అప్పుడే కోడూరు వైపు నుంచి అవనిగడ్డ బస్సు వచ్చింది. చిన్నారావు రోడ్డెక్కాడు. చెయ్యి దానంతట అదే లేచింది. బస్సు ఆగింది. అవనిగడ్డ చేరితే సిగ్నల్ వస్తుంది, పలకరించవచ్చు. బందరు బస్సు దొరికితే మనిషినే చూడవచ్చు. వెనక్కి తిరిగి చూశాడు. జాయింటు పెట్టె మూత తీసి ఉంది. నాలుగు చినుకులు పడితే అందులో నీళ్ళు దిగుతాయి. వెంకట్రామయ్య, అతని భార్య టార్పాలిన్ చెరో కొస పట్టుకుని, ధాన్యం మీద ఎటు కప్పాలో తెలియక అటూ ఇటూ తిరుగుతున్నారు.

"ఎక్కుతావా ఎక్కవా బాబాయ్?" అన్నాడు కండక్టరు.

"మీరు పోనీండి."

తూము దగ్గర బోర్లా పడుకుని పని చేశాడు. తొందరలో ఒక పోగు రెండుసార్లు విరిగింది. మళ్ళీ విరగకూడదంటే నెమ్మదించాలి, నెమ్మదించాలంటే టైము గురించి ఆలోచించకూడదు. కళ్ళు మూసుకుని ఊపిరి వదిలి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి అతికింది. మీటరులో అంకె పెరిగింది. పెట్టె మూసి బిగించాడు. కాసేపటికి వెంకట్రామయ్య రాశి దగ్గర నుంచి కేక వేశాడు.

"వచ్చిందంటయ్యా. పేరు ఎక్కించుకుంటున్నారు."

చిన్నారావు జేబులో ఫోన్ ఆగకుండా కొట్టుకుంది. పూర్ణిమ పేరు వరసగా తెర నిండా ఉంది. తడి చేతులు చొక్కాకు తుడుచుకుని ఫోన్ చేశాడు.

"మావయ్యా, బయలుదేరేశాం. వాన వస్తుందని డ్రైవర్ తొందరపెట్టాడు. ఉయ్యూరు దాటుతున్నాం. మీకు ఎన్నిసార్లు చేశానో."

"టవరు లేదమ్మా ఇక్కడ. నాన్నకి ఇస్తావా?"

"దగ్గు ఆగకపోతే మందిచ్చారు. ఇప్పుడే కన్ను మూతపడింది. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు. లేపనా మావయ్యా?"

కారు చప్పుడులోంచి పక్కన ఏసుబాబు గురక లాంటి ఊపిరి వినపడుతోంది. చిన్నారావు కొద్దిసేపు దాన్నే విన్నాడు.

"వద్దు. పడుకోనీ."

"మీరు దొరకలేదని వాయిస్ మెసేజ్ పెట్టించాను. విన్నారా?"

వినలేదన్నాడు. తూము గోడ మీద కూర్చుని మెసేజ్ నొక్కాడు.

"హలో. హలో బావా." బొంగురు గొంతు బాగా నలిగిపోయి ఉంది. తర్వాత ఏమీ లేదు. ఫ్యాను చప్పుడు. "పూర్ణిమా, అవతల పలకట్లేదే."

"ఇది ఫోన్ కాదు నాన్నా. నువ్వు చెప్పెయ్. మావయ్య తర్వాత వింటాడు."

"తర్వాతా? మరి ఆయనేమంటాడో నాకెట్టా తెలుస్తది?"

"తెలవదు. చెప్పెయ్ అంతే."

మళ్ళీ ఫ్యాను. తర్వాత ఏసుబాబు మొదలుపెట్టాడు, పనివాడు పనిలోకి దిగినట్టు.

"ఎక్కడున్నావు బావా?" అని అడిగి, అవతలివాడు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగాడు.

"కోడూరు రోడ్డు, తూము మీద" అన్నాడు చిన్నారావు.

"అట్టాగా. తెగిందా?" ఆగాడు.

"గడ్డి ట్రాక్టరు బావా. ఎలకలు కూడా."

"తిన్నావా లేదా?" ఆగాడు. అక్కడ దగ్గు వచ్చింది. పూర్ణిమ చాలు నాన్నా అంది. అతను వినిపించుకోలేదు.

"ఇంకా లేదు."

"నీకెప్పుడూ అదే. ఏదో ఒకటి తిను." ఈసారి ఎక్కువసేపు ఆగాడు, చిన్నారావు ఏదో పెద్ద మాట చెప్పబోతున్నాడని తెలిసినట్టు. చినుకులు మొదలయ్యాయి. ఆ ఖాళీ అలాగే జరిగిపోయింది.

"సరే బావా, ఉంటా. ముందు నువ్వు పెట్టెయ్."

మర్నాడు గుంటూరులో ఆ గొంతు తీసేశారు. మనిషి మామిడికాయల కాలం దాకా ఉన్నాడు. ఒక ఆదివారం ప్రార్థన ముగిశాక, కుర్చీలోనే వెళ్ళిపోయాడు.

మీ ఇంట్లోకి నెట్ ఏ తీగ మీద వస్తుందో మీరు పట్టించుకోకపోవచ్చు. దాన్ని తప్పనడానికి లేదు. కానీ ఎప్పుడైనా ఫోన్ ఎత్తి హలో అన్నాక, అవతలి మనిషి పలికేదాకా ఒక్క క్షణం ఆగుతారు కదా, అప్పుడు ఏసుబాబు అనే జాయింటరును గుర్తు చేసుకోండి. పులిగడ్డ దాటాక రోడ్డు పక్కన, ఎవరూ విప్పి తీసుకెళ్ళని పాత టెలిఫోన్ స్తంభానికి అతను అతికిన రాగి జాయింటు ఒకటి ఇంకా వేలాడుతోంది. దాని మీద చుట్టిన గుడ్డ ఎండకు తెల్లబడింది, ముడి మాత్రం వదులు కాలేదు.