కొండ వెనక్కి రెండు తీగలు

పట్టాల మీద సన్నటి రొద. తేనెటీగ ఒకటి కిటికీ అద్దం వెంట పాకుతూ, బయటికి దారి వెతుక్కుంటున్నట్టు...

స్టేషను దాటింది. వంతెన దాటింది. కొండ కింది సొరంగంలోకి దూరింది. రొద పలచబడింది. ఇంకా పలచబడింది —

ఆగిపోయింది.

మాస్టారు కుర్చీలోంచి కదలలేదు. భార్య పోయాక ఆ బొమ్మ రైలుకి కరెంటు పెట్టడం ఇదే మొదలు.

భోజనాల బల్లంత చెక్క. దాని మీద ఉన్నదంతా ఆమె చేతిపనే. పట్టాలు, అగ్గిపెట్టెలంత ఇళ్ళు. బంకలో నానబెట్టిన కాగితాలు పొర మీద పొర వేసి, కొండ. నున్నటి కొండ కాదు. నొక్కిన చోటల్లా వేళ్ళ గుంటలు.

కొండ లేనప్పుడూ రైలు అక్కడే ఆగేది.

"ఇక్కడికి కరెంటు చాలడం లేదండీ," అందామె అప్పట్లో.

మాస్టారు కాగితం తీశారు. ముప్పై ఏళ్ళు విద్యుత్తు పాఠం చెప్పిన చెయ్యి. ఇంజనుకి ఇంత. దీపాలకి ఇంత. కూడి చూపించారు.

"లెక్క ప్రకారం చాలాలి."

"లెక్కకి చాలుతోంది. రైలుకే చాలడం లేదు."

ఇంకా పెద్ద పవర్ పెట్టె తెచ్చారు. రైలు స్టేషను దగ్గర ఉరికి, మొదటి మలుపులోనే బోర్లా పడింది. వేగం తగ్గిస్తే అటు చివరికి వెళ్ళి, మళ్ళీ ఆగింది.

"కొండ కట్టకముందే అటువైపు పట్టాలకి ఇంకో రెండు తీగలు లాగండి. తర్వాత కష్టం."

"ఆదివారం చూస్తాలే."

ఆదివారాలు వచ్చాయి. వెళ్ళాయి. ఆమె కొండ కట్టేసింది. రైలు ఆగినప్పుడల్లా సొరంగంలోకి వేలు పెట్టి కాస్త ముందుకి నెట్టేది. ఏమీ అనేది కాదు.

అదే... ఏమీ అనకపోవడమే ఇప్పుడు గుచ్చుతోంది.

ఆయన పాఠంలో ఒక కాలువ ఉండేది. మొదటి చేను తడుస్తుంది. చివరి చేను ఎదురు చూస్తుంది. తూము ఎంత పెద్దది చేసినా మునిగేది మొదటి చేనే. నీళ్ళు దారిలో ఇంకిపోతాయి — పట్టాల ప్రతి అతుకు దగ్గరా కరెంటు ఇంకిపోయినట్టు.

ఎన్నేళ్ళు చెప్పారో. పిల్లలకి.

కాఫీ గ్లాసుతో మరదలు గుమ్మంలోకి వచ్చింది.

"ఊరందరి పిల్లలకీ కరెంటు నేర్పారు. బొమ్మ రైలుకి పిసరంత ఇవ్వలేరా బావగారూ?"

"ఇవ్వాలంటే కొండ కొయ్యాలి."

ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

"వెనకవైపేగా. ఎవరికి కనపడుతుంది?"

"నాకు."

ఆవిడ కాఫీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది.

"నెట్టడానికి అక్క లేదుగా, బావగారూ."

మాస్టారు చిన్న కత్తి తీసుకున్నారు. కొండ వెనక వేలిగుంట లేని చోటు కోసం తడిమారు.

లేదు. అంతటా ఆమె నొక్కింది.

చివరికి ఒక గుంటలోనే కత్తి దింపారు. పొరలు లేచాయి. పాత పరీక్ష కాగితాలు. ఎవరో పిల్లవాడి లెక్క, పక్కన తన ఎర్ర సిరా. యూనిట్లు రాయనందుకు అర మార్కు తగ్గించారు.

జవాబు సరైనదే.

కోసిన ముక్కని చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఎర్ర తీగ. నల్ల తీగ. మరదలు కదలకుండా పట్టుకుంది. టంకం వేస్తుంటే సన్నగా పొగ లేచింది. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. పొగ వల్లే కావచ్చు.

మీట తిప్పారు.

స్టేషను. వంతెన. సొరంగం.

రొద పలచబడలేదు.

ఇటు దూరిన రైలు అటు అదే వేగంతో బయటికొచ్చింది. ఎవరి సాయమూ అడగకుండా. మరదలు చప్పట్లు కొట్టబోయి, ఆయన మొహం చూసి చేతులు దించేసింది.

ఇక ఆ సొరంగంలో ఎవరూ వేలు పెట్టక్కర్లేదు.

రెండో చుట్టు. మూడో చుట్టు. మాస్టారి చెయ్యి మీట మీదే ఉంది. ఆపడానికో, ఆపకుండా ఉండడానికో...

గదిలో సన్నటి రొద. అద్దం వెంట తేనెటీగలా, తిరిగి తిరిగి, మళ్ళీ అక్కడికే —