కూర మీద ప్రార్థన

చికెన్ ముక్కలు పసుపు వేసి రెండోసారి కడుగుతుంటే, వెనక నుంచి జయపాల్ అడగనే అడిగాడు.

"చేతులు కడుక్కున్నావా?"

పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం మొగుడి నోట స్టెల్లా వింటున్న మాట ఇది. గుణదలలో వాళ్ల వీధి చివరే ఉన్న ల్యాబ్‌లో ఆమె టెక్నీషియన్. రక్తం తీస్తుంది, మూత్రం పరీక్ష చేస్తుంది. గ్లవ్స్ వేసుకున్నా, సబ్బుతో రుద్దుకున్నా, ఇంటికి రాగానే తలస్నానం చేసినా అతనికి ఆమె చేతుల్లో ఆ డబ్బాలే కనిపిస్తాయి. "యూరిన్ డబ్బాలు పట్టుకునే చేతులాయె, కూరకి రుచెక్కణ్ణుంచి వస్తుందిలే" అని చుట్టాల ముందు నవ్వుతాడు. చుట్టాలూ నవ్వుతారు. అదే మనిషి ముక్కులో వేలు తిప్పుకుని, లుంగీకి తుడుచుకుని, ఆ చేత్తోనే ఎముక పట్టుకుని జుర్రుమని పీలుస్తాడు. ఆ చప్పుడు వింటే స్టెల్లాకి నోట్లో ముద్ద దిగదు. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ ఇంట్లో కూరకి రుచి వచ్చేది అత్తగారు సువార్తమ్మ ప్రార్థన వల్లనని అందరి నమ్మకం. ఉల్లిపాయలు తరగడం, మసాలా నూరడం, పొయ్యి దగ్గర ఉడకడం స్టెల్లా వంతు. కూర దించే ముందు సువార్తమ్మ వచ్చి, తల మీద కొంగు కప్పుకుని, మూత తీసి, "కళ్లు మూసుకో" అంటుంది. "తండ్రీ, ఈ ఆహారాన్ని దీవించు" అని మొదలుపెట్టి ఆమెన్ అన్నాక, గరిటెతో ఒక్కసారి కలిపి దించుతుంది. "మా అమ్మ ప్రార్థన చేస్తే నీళ్లు కూడా పులుసవుతాయి" అంటాడు జయపాల్. ఆవిడ పామర్రులో కూతురింటికి వెళ్లిన రోజుల్లో మాత్రం కంచం పక్కకి నెట్టి, "నీకు విశ్వాసం తక్కువ, వంటలోనే తెలిసిపోతుంది" అంటాడు. కొన్నాళ్లకి స్టెల్లా కూడా నమ్మేసింది. మోకాళ్ల మీద కూర్చుని తన చేతుల కోసం ప్రార్థన చేసుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు తలచుకుంటే తన మీద తనకే రోత.

పోయిన నెల జయపాల్ బీపీ నూట డెబ్బై దాటింది. "ఉప్పు తగ్గించండి. టేస్టింగ్ సాల్ట్ పూర్తిగా మానెయ్యండి, అందులోనూ ఉండేది సోడియమే" అన్నాడు డాక్టరు. జయపాల్ వేలు ఠక్కున పెళ్లాం వైపు తిరిగింది. "ఈవిడేనండీ! ఉద్యోగస్తురాలు కదా, ఏం కలుపుతుందో ఏంటో." స్టెల్లా ఆ తెల్ల పలుకులు ఏనాడూ కొనలేదు. అయినా ఇంటికొచ్చి నూడుల్స్, సాసులు, సూప్ పాకెట్లు అన్నీ బయట పారేసింది. ప్రతి పాకెట్ వెనక చీమ తలకాయలంత అక్షరాలు చదవడం కొత్త పనిగా నెత్తిన పడింది. ఆయనగారు మాత్రం "ఒక్కరోజుకేం కాదు" అంటూ వారానికి మూడుసార్లు బండి దగ్గర ఫ్రైడ్ రైస్ తిని, పెదాలకి ఎర్ర నూనెతో ఇంటికొచ్చేవాడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అనుకుంది గానీ మానలేకపోయింది. మళ్లీ చూపిస్తే బీపీ అలాగే ఉంది. "ఇంట్లో ఏం పెడుతున్నావో నువ్వే చెప్పాలి" అన్నాడు జయపాల్.

ఇవాళ కూర కుతకుతా ఉడుకుతోంది. జయపాల్ ముందు గదిలోకి వెళ్లి టీవీ పెట్టుకున్నాడు. సువార్తమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. "తండ్రీ..." అంటుండగా మసాలా చింది స్టెల్లా మణికట్టు మీద పడింది. చురుక్కుమని కళ్లు తెరిచింది.

సువార్తమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. పెదాలు ప్రార్థన చేస్తున్నాయి. చెయ్యి బొడ్లో దోపుకున్న పాత తలనొప్పి మందు సీసా తీసి కూర మీదికి వంచుతోంది. సీసాలో తెల్లటి పలుకులు.

స్టెల్లా ఆ చెయ్యి పట్టేసుకుంది.

"అరవకే అమ్మా, నీకు దణ్ణం పెడతా" అంది సువార్తమ్మ గుసగుసగా. "మీ మావయ్య కూర నచ్చకపోతే కంచం గోడకేసి కొట్టేవాడు. వేడి పులుసు నా మొహమ్మీదే పడేది. పామర్రులో పెళ్లి వంటకొచ్చినాయన ఈ పలుకులిచ్చాడు. ఆ తర్వాత కంచం గోడకి తగల్లేదు. ఆయన పోయి తొమ్మిదేళ్లయినా నా చెయ్యి మానట్లేదే."

"మరి పదకొండేళ్లు నన్నన్ని మాటలంటుంటే ఎందుకూరుకున్నారత్తయ్యా?"

సువార్తమ్మ తల దించుకుంది. "నిన్నంటున్నంతసేపూ నన్ననరు కదమ్మా."

స్టెల్లా ఆ సీసా లాక్కుంది. ఒంటి వేడికి వెచ్చబడ్డ ఆ సీసా అంటే అసహ్యం, ఆవిడంటే అసహ్యం. ఆ రెండూ దాటుకుని ఇంకో అసహ్యం పైకొచ్చింది. తండ్రి నాలుక, కొడుకు నాలుక. వాటికి ఊడిగం చెయ్యడానికి ఇద్దరాడవాళ్లు, మధ్యలో దేవుణ్ణి కూడా లాక్కొచ్చారు. సీసా సింకులో ఒంపేసి, కూర అలాగే దించింది.

జయపాల్ మొదటి ముద్ద నమిలి కంచం అంచున ఉమ్మాడు. "ఛీ! గడ్డిలా ఉంది. అమ్మా, ప్రార్థన చెయ్యలేదా?" అని కంచం విసురుగా నెట్టాడు.

కంచం బల్ల మీద జరిగిందంతే. సువార్తమ్మ మాత్రం మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు ఒదిగిపోయింది. కాసేపటికి ఆ ముసలావిడే చెయ్యి దించింది.

"నా చేతిలో ఏ రుచీ లేదురా. నేను వేసిందంతా ఆ టేస్టింగ్ సాల్టే. ఇన్నేళ్లూ."

జయపాల్ తల్లిని తేరిపార చూశాడు. తర్వాత నెమ్మదిగా పెళ్లాం వైపు తిరిగాడు. "ఇలా చెప్పమని నువ్వే నేర్పావా?"

స్టెల్లా అత్తగారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. తమ ఇద్దరి కంచాల్లోనూ అన్నం పెట్టి, కూర వేసింది. మొగుడి పెదాల మీద ఎంగిలి మెతుకు ఇంకా అంటుకునే ఉంది.

"మీరు లేచి నోరు కడుక్కు రండి" అంది. "నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి."