పడితే లేపుకోగల బండి

షోరూమ్‌కి బయలుదేరేముందు ఆమె పాప సంచీ రెండుసార్లు సర్దింది. పాలసీసా, మార్చే బట్టలు, తువ్వాలు, అడుగున పాత పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి. "ఏంటది?" అని మొగుడు అడిగితే "పాపవే" అనేసింది. అబద్ధమాడినందుకు గుండె దడదడలాడింది గానీ, ఆ గుండెకి దడ కొత్తేమీ కాదు. పాప అయిదు నిమిషాలు ఎక్కువ నిద్రపోయినా దడే.

అతను సెల్‌ఫోన్ టవర్లు బాగుచేస్తాడు. ఇన్నాళ్ళూ ఊళ్ళో టవర్లే చూశాడు. వచ్చే నెల నుంచి కొండమీది పదకొండు టవర్లూ అతనివే. కంకర దారి, మధ్యలో రెండు వాగులు, వెళ్ళేది ఒక్కడే. బండి కంపెనీదే. ఏది కావాలో ఎంచుకోమన్నారు, ఒకసారి సంతకం పెడితే అయిదేళ్ళదాకా మార్చేది లేదన్నారు.

ఆమెని కుదురుగా ఉండనివ్వని సంగతి ఒకటుంది. టవర్ పాడైతేనే అతను వెళ్తాడు. టవర్ పాడైతే అక్కడ ఫోన్ పలకదు. బండి కాలిమీద పడితే ఎవరికి చెబుతాడు? నాలుగు రోజుల్లో ఈ మాట పదిసార్లు అంది. "నీ నోట మంచిమాట రాదా?" అని అతను కొట్టిపారేశాడు.

అతని కన్నంతా పెద్ద బండిమీదే. పక్కవీధిలో ఉండే బావగారికి, అంటే అతని అన్నకి, అలాంటిదే ఉంది. ఆ వేళ బావగారి బూట్లు కూడా అడిగి తెచ్చి తొడుక్కున్నాడు. అడుగు రెండు వేళ్ళ మందం.

"మీ బూట్లున్నాయిగా, అవెందుకండీ?"

"షోరూమ్‌కి ఆ చిరిగినవి వేసుకెళ్ళమంటావా?"

ఆమె పాప సంచీ భుజాన తగిలించుకుంది.

షోరూమ్‌లో అతను పెద్ద బండెక్కి కూర్చున్నాడు. రెండు కాళ్ళ వేళ్ళూ నేలకి తగిలీ తగలనట్టు ఆనాయి.

"సార్ కోసమే చేసినట్టుంది!" అన్నాడు సేల్స్‌మాన్. "మీ రైడింగ్ ఎలాంటిది సార్?"

"కాస్త స్పీడే. లాంగ్ రైడ్లు. రాళ్ళూ రప్పలూ అంటే మరీ ఇష్టం."

ఆమె పాపని ఈ చంకనించి ఆ చంకకి మార్చుకుంది. ఆయన లాంగ్ రైడ్‌కి పోయింది ఒక్కసారే, అదీ బావగారి వెనక కూర్చుని.

"ఏవండీ, ఒక్కసారి ఇవి వేసుకుని కూర్చోండి." పొట్లం విప్పింది. అతని పనిబూట్లు.

అతని మొహం మాడిపోయింది. "ఇవి మోసుకొచ్చావా!"

వెనక షెడ్డులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన ముసలి మెకానిక్ ఎడమ బూటు తీసుకుని తిరగేశాడు. ముందువైపు అడుగు అరిగి లోపలి గుడ్డ కనిపిస్తోంది. కుడి బూటు మాత్రం బాగానే ఉంది.

"కంకర తగిలితే ఎడమకాలు ఈడుస్తారన్నమాట. మెల్లగా పోయే మనిషే."

"ప్యాంటు మడత కూడా ఎడమదే చిరుగుతుంది బాబాయ్ గారూ. నెలకోసారి నేనే కుడతా. కాలి లోపలి కొలత ఇరవై తొమ్మిది అంగుళాలు. ఈ సీటేమో ముప్పై నాలుగు. బావగారి బండిని టేపుతో కొలిచి, ఇంట్లో గోడమీద గీత గీసి చూశా."

"గోడమీద గీశావా?" అన్నాడు మొగుడు.

"తుడిచేశాలెండి."

"సామాను బరువెంత తల్లీ?"

"పనిముట్ల సంచీ పద్నాలుగు కిలోలు. పాపని తూచినట్టే, చంకనెత్తుకుని తూచా."

అతను బూట్లు మార్చుకుని మళ్ళీ ఎక్కాడు. ఒక కాలు ఆనితే రెండోది గాల్లో వేలాడింది. బండి ఒరిగింది. మెకానిక్ హ్యాండిల్ పట్టుకోబట్టి సరిపోయింది.

ఆమె మెకానిక్ వైపు తిరిగింది. "ఇది పడితే ఈయన ఒక్కరూ లేపగలరా?"

"కొనకముందే పడే మాటలెందుకు మేడమ్!" అని నవ్వాడు సేల్స్‌మాన్.

"అడగాల్సింది అదేనయ్యా," అన్నాడు మెకానిక్. "రండి, చూద్దాం."

వెనక ఖాళీ స్థలంలో, జనం నడిపి చూసే అలాంటి బండినే పాత టైర్లమీద పడుకోబెట్టాడు. అతను హ్యాండిల్ పట్టి లాగాడు. మెడనరాలు ఉబ్బాయి. బండి జానెడు లేచి, దబ్బున పడింది. రెండోసారి జానెడు కూడా లేవలేదు.

"పొద్దున సరిగ్గా తినలేదు," అన్నాడు రొప్పుతూ.

"మూడుసార్లు వడ్డించా కదండీ!"

మెకానిక్ నవ్వు ఆపుకుంటూ పోయి, చిన్న ఇంజిన్ బండి ఒకటి తోసుకొచ్చాడు. సీటు నాలుగు వేళ్ళు కిందికుంది. "ముందే చెబుతున్నా, పెద్ద రోడ్డుమీద లారీలు కూడా మిమ్మల్ని దాటేస్తాయి." దాన్నీ పడుకోబెట్టి, వీపు సీటుకి ఆనించి కూర్చుని కాళ్ళ బలంతో వెనక్కి నెట్టడం చూపించాడు. అతను ఒక్క ఊపులో లేపేశాడు. లేపి, ఎవరైనా చూశారా అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

"పాపని పట్టుకోండి," అంది ఆమె.

"నువ్వెందుకే?"

"ఒంట్లో బాగాలేని రోజు మీ బలం నా అంతే కదా."

మొదటిసారి కాళ్ళు జారాయి. రెండోసారి పళ్ళు బిగించి నెట్టింది. బండి లేచి నిలబడింది. మెకానిక్ స్టాండ్ వేశాడు. ఆమె చేతులకంటిన దుమ్ము దులుపుకుంది.

అతను పాపని భుజాన వేసుకుని అద్దంలోంచి లోపలున్న పెద్ద బండిని కాసేపు చూశాడు. తర్వాత కాగితం అడిగి సంతకం పెట్టాడు.

"రంగు మాత్రం నా ఇష్టం. నలుపు."

"మీ ఇష్టమే," అంది. ఊరుకుందామనుకుంది, వల్ల కాలేదు. "ఎర్రదైతే దూరం నుంచి కనబడుతుందేమోనని..."

అతను కలం పట్టుకుని ఆమె వైపు చూశాడు. ఆమె తువ్వాలు అంచు మెలితిప్పుతోంది.

"ఎరుపే రాసుకోండి," అన్నాడు సేల్స్‌మాన్‌తో. "ఈవిడ మళ్ళీ గోడమీద ఏం గీస్తుందో ఏమో."